గుండు కడిగితే గురి కుదురుతుందా?

సంక్రాంతికి కొత్తకొండ జాతరకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. కోరమీసాల వీరభద్రుడికి గుమ్మడికాయ సమర్పించి, జనంలో తోసుకుంటూ బయటికి వస్తే, రంగులరాట్నానికీ మిఠాయి దుకాణాలకూ నడుమ ఒక చెక్క పలక. దానికి వరసలుగా రంగు రంగుల బుడగలు. ఎదురుగా బల్ల, బల్ల మీద రెండు ఎయిర్‌గన్లు. డబ్బులిస్తే లెక్కపెట్టి గుండ్లు ఇస్తారు. ఎన్ని బుడగలు పగలగొడితే అంత గొప్ప.

మొన్న ఆ దుకాణం ముందు నా మేనకోడలు టక్కున ఆగిపోయింది. తుపాకీ చూసి కాదు, దుకాణదారు నోరు చూసి! ఆయన దవడన వక్కపలుకులు పెట్టుకున్నట్టు పది పదిహేను గుండ్లు పెట్టుకున్నాడు. రెండు చేతులతో తుపాకీ మడతపెట్టి, నాలుక చివరికి ఒక గుండు తెచ్చుకుని, తీసి గొట్టంలో పెట్టి ఇస్తున్నాడు.

‘‘మామా, అది సీసం! నోట్లె పెట్టుకున్నడు చూడు’’ అంది నా చెవిలో.

ఆయనకు వినబడనే వినబడింది. ‘‘ఇరవై ఏండ్ల సంది గిట్లనే పెట్టుకుంటున్న బిడ్డా, ఏం గాలే’’ అని నవ్వాడు.

ఆ పిల్ల ఐదు గుండ్లకు ఐదు బుడగలు పగలగొట్టింది. నేను చప్పట్లు కొట్టబోతే ఆపేసింది. ‘‘బుడగ ఎంతుంటది మామా, అరచెయ్యంత. తుపాకీ వంకరగున్నా తగుల్తది. ఇంటికాడ నేను కొట్టే చుక్క ఆవగింజల సగం గూడ ఉండది’’ అంది. అప్పుడు తెలిసింది, నా మేనకోడలు ఆటలో ఉన్నది కాదు, పనిలో ఉన్నదని.

చాయ్ జాలిలో సీసం

మా అక్కా వాళ్లది హుస్నాబాద్. నా చిన్నప్పటి లెక్కలో కరీంనగర్ జిల్లా, 2016లో సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది. జాతర నుంచి ఇంటికి చేరామో లేదో అక్క పంచాయితీ పెట్టింది.

‘‘చూడు తమ్మీ, నీ కోడలు చేసే పని. నా చాయ్ జాలిల తుపాకీ గుండ్లు పోసి కడుగుతున్నది. ఎన్ని సార్లు చెప్పినా ఇనది.’’

పిల్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ‘‘క్యాంపుల ఒక అక్క చెప్పింది మామా. గుండ్లు సబ్బునీళ్లతోని కడిగి, నూనె రాసి కొడితే అన్నీ ఒక్క దగ్గర్నే పడుతయట. పోటీ ఇంక నెల దినాలే ఉన్నది.’’

బావ మధ్యవర్తి. ‘‘గుండ్ల డబ్బాలు, టార్గెట్ కార్డులు, హైదరాబాద్‌కు బస్సు కిరాయిలు... చానా అయితున్నయి బామ్మర్దీ. సబ్బునీళ్లతోని నాలుగు పాయింట్లొస్తే మంచిదే గదా’’ అన్నాడు.

ముగ్గురూ నా మొహం చూశారు. ఈ కాలమ్ రాసే పాపానికి ఇంట్లో ఏ వస్తువు గురించి తగువొచ్చినా తీర్పు నేనే చెప్పాలి! అందుకే ఈ వారం ముచ్చట గుండు. వేములవాడలో చేయించుకునే గుండు కాదండోయ్... ఎయిర్‌గన్‌లో పెట్టే సీసపు గుండు. షూటర్ల భాషలో పెల్లెట్.

ఢమరుకం ఆకారం

పేరుకు గుండే గానీ అది గుండ్రంగా ఉండదు. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకు చూడండి. అటూ ఇటూ వెడల్పు, నడుము సన్నం. అచ్చం బుడబుక్కలవాడి చేతిలోని ఢమరుకమే. ముందున్నది తల. వెనక ఉన్నది పలచటి పావడా లాంటి అంచు, లోపల బోలు. పోటీల్లో వాడే గుండుకు తల బల్లపరుపుగా ఉంటుంది. కాగితం మీద గుండ్రంగా, అంచులు చక్కగా తెగిన చిల్లు పడాలని అలా చేస్తారు. లేకపోతే ఏ వలయంలో పడిందో లెక్క తేలదు.

గుండు వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. రైఫిల్ పోటీల్లో వాడేది సుమారు 0.53 గ్రాముల బరువు ఉంటుంది. అంటే 500 గుండ్ల డబ్బాలో పావు కిలోకు పైనే సీసం ఉన్నట్టు.

ట్రిగ్గర్ నొక్కగానే వెనక నుంచి గాలి వచ్చి ఆ పావడా అంచును వెడల్పు చేస్తుంది. అది గొట్టం గోడలకు బిగిసి గాలి పక్కనుంచి జారిపోకుండా అడ్డుపడుతుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. వాటిలో ఒరుసుకుంటూ వెళ్లేసరికి గుండు బొంగరంలా గిరగిరా తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బొంగరం ఒరగనట్టే తిరిగే గుండూ దారి తప్పదు. బొంగరం అంచు సొట్టపోతే ఏమవుతుంది? ఊగుతుంది. ఇదీ అంతే. అందుకే గుండుకు పెద్ద శత్రువు మురికి కాదు, సొట్ట. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

అసలెందుకు కడుగుతారు?

మా మేనకోడలి క్యాంపులోని అక్క చెప్పింది వట్టి మాట కాదు. గుండ్లు కడగడం ప్రపంచమంతటా షూటర్లు చేసే పనే. దానికి కారణాలూ ఉన్నాయి.

సీసం మెత్తటి లోహం. గోటితో గీరితే గీత పడుతుంది. డబ్బాలో వందల గుండ్లు లారీల్లో, బస్సుల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వస్తాయి. దాంతో సన్నటి నల్లపొడి రాలుతుంది. తయారీలో అచ్చు నుంచి ఊడిన సన్నటి సీసపు తుంపులూ అందులో ఉంటాయి. డబ్బా ఖాళీ అయ్యాక అడుగున వేలు పెడితే కాటుకలా అంటేది అదే. ఆ తుంపు ఒకటి గుండు తలకు అంటుకునో, పావడాలో ఇరుక్కునో వెళ్తే బరువు ఒక పక్కకు జరుగుతుంది. గొట్టంలో పేరుకుంటే తర్వాత వచ్చే గుండ్ల మీద గీతలు పడతాయి. కడిగితే ఇది పోతుంది. ఇంతవరకూ లాభమే.

నష్టం కూడా చూడండి. ఫ్యాక్టరీలోనే చాలా కంపెనీలు గుండ్లకు పలచటి నూనెపూత ఇస్తాయి. గాలి, తేమ తగిలి సీసం తెల్లగా బూజు పట్టకుండా కాపాడేది ఆ పూతే. సబ్బుతో కడిగితే మురికితోపాటు అదీ పోతుంది. కడిగి అలాగే వదిలేస్తే వానాకాలం గడిచేసరికి గుండ్ల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి కనబడుతుంది. అందుకే కడగడం, నూనె రాయడం రెండు పనులు కాదు, ఒకే పని. మొదటిది చేస్తే రెండోదీ చేయాలి. మొదటిది అక్కర్లేకపోతే రెండోదీ చాలాసార్లు అక్కర్లేదు.

మరి ఎప్పుడు అక్కర ఉంటుంది? పేరున్న కంపెనీ పోటీ గుండ్లు, కొత్త డబ్బా, మూత తీస్తే శుభ్రంగా మెరుస్తున్నాయి. వాటి జోలికి పోకండి. చవక గుండ్లు, డబ్బా నిండా నల్లపొడి, పట్టుకుంటే వేళ్లు మసి. అవి కడగొచ్చు. తెల్లబూజు పట్టినవి, గరుకు తేలినవి కడిగినా బాగుపడవు. పక్కన పడేయండి.

ఒక వెంట్రుక, ఒక వలయం

ఇక బావ ప్రశ్న. కడిగితే పాయింట్లు వస్తాయా? దీనికి కాగితం, పెన్సిల్ తీయాల్సిందే.

ఒలింపిక్స్‌లో ఆడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నట్టనడుమ ఉండే పది పాయింట్ల చుక్క అడ్డంగా 0.5 మిల్లీమీటరు. అక్కడి నుంచి ఒక్కో వలయం 2.5 మిల్లీమీటర్ల చొప్పున బయటికి జరుగుతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ చుక్క మీదే. మొత్తం 701.1 పాయింట్లు. పిస్టల్‌కు పది పాయింట్ల వలయం కాస్త పెద్దది, 11.5 మిల్లీమీటర్లు. కానీ దాన్ని ఒంటి చేత్తో పట్టుకుని కొట్టాలి. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో రెండు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వచ్చినవే.

ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. తుపాకీ మీద వెనక గాడి, ముందు మొన ఉంటాయి కదా, వాటి మధ్య దూరం అర మీటరు అనుకోండి. గురి చూసేటప్పుడు మొన 0.1 మిల్లీమీటరు, అంటే దాదాపు ఒక వెంట్రుక మందం పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు 2 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. వెంట్రుక తప్పితే ఇంచుమించు ఒక వలయం పోయినట్టే!

వేగం లెక్క కూడా చూద్దాం. గుండు సెకనుకు 170 మీటర్ల వేగంతో బయల్దేరితే 10 మీటర్లు చేరడానికి 0.06 సెకను పడుతుంది. కనురెప్ప వేసేంత సేపు కూడా కాదు. ఆ కాస్త సేపట్లోనే భూమి దాన్ని 17 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. ఒక గుండుకూ ఇంకో గుండుకూ వేగంలో 100కి 3 తేడా వస్తే, పడే చోటులో సుమారు ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. ఇది గాడి తప్పినంత పెద్ద తప్పు కాదు, అలాగని వదిలేసేంత చిన్నదీ కాదు. గుండుకు నూనె ఎక్కువ తక్కువలుగా అంటితే మారేది ఈ వేగమే.

కాబట్టి వరస ఇదీ. మొదట మనిషి: నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు. తర్వాత తుపాకీ: గాడి బిగుతు, చెక్కకు బిగించిన మరలు. మూడోది తుపాకీకి సరిపడే గుండు. ఒక గొట్టానికి బాగా కుదిరిన గుండు ఇంకో గొట్టానికి కుదరదు. పెద్ద షూటర్లు రైఫిల్‌ను కదలకుండా బిగించి, వేర్వేరు బ్యాచ్‌ల గుండ్లు కాల్చి చూసి ఎంచుకునేది అందుకే. నాలుగోది సొట్టలేని గుండు. ఐదోది శుభ్రమైన గుండు. నూనె ఆఖరున. మనవాళ్లంతా ఆఖరి మెట్టు దగ్గర మొదలుపెడతారు. ఎందుకంటే అదే సులువు. సబ్బునీళ్లలో చేయి పెట్టడం కన్నా ఊపిరి బిగబట్టడం కష్టం కదా!

నేను చేసిన ఘనకార్యం

నూనె గురించి చెప్పాలంటే నా చిన్నప్పటి తెలివి చెప్పాలి. మా చుట్టాలింట్లో ఒక స్ప్రింగ్ ఎయిర్‌గన్ ఉండేది. గొట్టాన్ని మధ్యకు మడిచి నింపే రకం. గుండ్లు నున్నగా జారితే గురి కుదురుతుందని ఎవరో అన్నారు. నేను కుట్టుమిషన్ నూనె తెచ్చి గుండ్లను అందులో ఊరబెట్టాను, ఆవకాయ ముక్కల్లా.

మొదటి దెబ్బకే ఎప్పుడూ లేని ‘ఢాం’ అనే చప్పుడు, గొట్టం మూతి నుంచి పొగ, మాడు వాసన. నాకైతే నిజం తుపాకీ పేల్చినంత సంబరం! రెండో గుండు పైన పడింది, మూడోది కింద, నాలుగోది ఎక్కడ పడిందో దేవుడికే తెలియాలి. కొన్నాళ్లకు లోపలి పిస్టన్ వాషర్ పోయింది. తుపాకీ మూలన పడింది, నా వీపు మోగింది.

జరిగిందేమిటో పొలంలో డీజిల్ ఇంజన్ నడిపిన రైతుకు చెప్పక్కర్లేదు. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే వందల డిగ్రీలు వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. స్ప్రింగ్ ఎయిర్‌గన్‌లోనూ పిస్టన్ గాలిని అలాగే అదుముతుంది. అక్కడ మిషన్ నూనె ఉంటే అదీ అంటుకుంటుంది. ఒక్కో దెబ్బకు ఒక్కోలా మండుతుంది కాబట్టి వేగం ఒక్కోలా ఉంటుంది. షూటర్లు దీన్ని ‘డీజిలింగ్’ అంటారు.

కొబ్బరినూనె రాస్తే? చలికాలం పొద్దున సీసాలో ఏమవుతుందో చూశారుగా, గొట్టంలోనూ అంతే, గడ్డకడుతుంది. పల్లినూనె, మంచినూనె కొన్నాళ్లకు జిగురు తేలుతాయి. తుప్పు వదిలించే స్ప్రేలు పాత నూనెను కరిగించేస్తాయి, పైగా స్ప్రింగ్ గన్‌లో అంటుకుంటాయి కూడా. స్ప్రింగ్ గన్‌కు గుండ్లు పొడిగా ఉండటమే మేలు. మరీ రాయాలంటే సిలికాన్ నూనె, అదీ పేరుకు. ముందే గాలి నింపుకునే సిలిండర్ ఉన్న రైఫిళ్లలో పిస్టన్ అదుముడు లేదు కాబట్టి ఈ మంట గొడవ లేదు. వాటిలోనూ వేగం ఎక్కువగా ఉన్నప్పుడే గొట్టానికి సీసం అంటకుండా నూనె పనికొస్తుంది. 10 మీటర్ల పోటీ రైఫిల్ వేగం అంత ఉండదు.

అక్క పెట్టిన పరీక్ష

ఇంత చెప్పినా పిల్ల మొహంలో అనుమానం పోలేదు. ‘‘మరి ఆ అక్కకు పాయింట్లు పెరిగినయి గదా మామా?’’

మంచి ప్రశ్న. పెరిగే ఉంటాయి. కానీ సబ్బు వల్లా, కడిగాను కదా అన్న ధైర్యం వల్లా? తేల్చుకోవాలంటే ఒకటే దారి. కాల్చేవాళ్లకు ఏ గుండు కాలుస్తున్నారో తెలియకూడదు.

మర్నాడు అక్కనే అంపైర్‌ను చేశాం. మూడు పాత ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుంది. ఒకదాంట్లో డబ్బాలోంచి తీసినవి తీసినట్టు, ఒకదాంట్లో కడిగి ఆరబెట్టినవి, ఒకదాంట్లో కడిగి సిలికాన్ నూనె చూపించినవి. ఏది ఏదో చీటీ రాసి పోపుల డబ్బా కింద దాచింది. తడిపొడి తేడా చేతికి తెలియకుండా పిల్ల బదులు బావ గుండు నింపాడు. డబ్బా మారినప్పుడల్లా ముందు పదిహేను గుండ్లు లెక్కలోకి రాకుండా కాల్పించాం. గొట్టం లోపల పాత పూత పోయి కొత్తది కుదురుకోవడానికి ఆ మాత్రం కావాలి. తర్వాత కార్డుకు ఐదు గుండ్ల చొప్పున, డబ్బాకు నాలుగు కార్డులు. మధ్యలో మజ్జిగ, విశ్రాంతి. చేయి అలిసిపోతే ఆ తప్పు గుండు మీద పడుతుంది కదా.

కార్డు మీద ఎడంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరం స్కేలుతో కొలిచి కార్డు వెనక రాశాం. అన్నీ అయ్యాక చీటీ విప్పాం.

కడిగినవీ కడగనివీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేకపోయాం. నూనె చూపించినవి ముందు కొన్ని గుండ్ల వరకు పైకీ కిందికీ తిరిగి, తర్వాత మిగతావాటిలాగే కుదురుకున్నాయి. ఒక్క తుపాకీ, ఒక్క పిల్ల, ఒక్క పగలు చేసిన పరీక్షతో లోకానికంతా తీర్పు చెప్పలేం. కానీ ఆ తుపాకీకి, ఆ గుండ్లకు జవాబు దొరికింది. మీ ఇంట్లో ఈ ఆట ఆడేవాళ్లుంటే మీరూ ఇలాగే తేల్చుకోండి. ఎవరో చెప్పారని నమ్మొద్దు, నేను చెప్పానని కూడా.

అయితే ఈ తతంగంలో రెండు సంగతులు బయటపడ్డాయి. కడిగి ఆరబెట్టిన గుండ్లను డబ్బాలో వేసేటప్పుడు పిల్ల ఒక్కోటి వేలితో తిప్పి చూసింది. వాటిలో కొన్నింటికి పావడా అంచు సొట్టపోయి ఉంది. ఇన్నాళ్లూ వాటినీ కాల్చి, చెడ్డ దెబ్బ పడితే ‘నా చెయ్యి వణికింది’ అనుకుని ఏడ్చేదట. రెండోది బావ కనిపెట్టాడు. గుండు నింపుతుంటే చెక్క పట్టులో ఏదో కదిలినట్టు అనిపించి చూస్తే ముందు మర వదులైంది. పాతిక రూపాయల స్క్రూడ్రైవర్ పని!

కడగాల్సిందే అనుకుంటే...

డబ్బా నిండా మసే ఉంటే పద్ధతి ఇదీ. ఒకేసారి డబ్బాడు వేయకండి, వంద చాలు. ఇందుకోసమే విడిగా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు. బియ్యం కడిగినట్టు పిసకొద్దు, డబ్బాను మెల్లగా గుండ్రంగా తిప్పండి. గలగల ఊపితే మురికి పోవడం అటుంచి పావడాలు సొట్టపోతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు మార్చండి. పాత నూలుబట్ట మీద ఒక్క వరసలో పరిచి, ఫ్యాను కింద రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద, పెనం మీద ఆరబెట్టే పని అసలే వద్దు. లోపలి బోలులో తేమ మిగిలితే బూజుకు మనమే విత్తనం వేసినట్టు.

ఆరాక సొట్టవి ఏరేయండి. అద్దం పలకను కాస్త వాలుగా పెట్టి గుండును దొర్లిస్తే అది ఒక పక్కకు వంపు తిరుగుతూ వెళ్తుంది. తలా, పావడా వెడల్పుల తేడా వల్ల అలా తిరుగుతుంది. అన్నీ ఒకే వంపులో వెళ్తుంటే మంచివే. ఒకటి కుంటుకుంటూ వేరే దారి పట్టిందంటే దాన్ని పక్కన పెట్టండి. అది ప్రాక్టీసుకు కూడా వద్దు.

నూనె మీ తుపాకీకి పనికొస్తుందనుకుంటే వంద గుండ్లకు ఒక్క చుక్క. అదీ గుండ్ల మీద కాదు, మెత్తటి స్పాంజి ముక్క మీద వేసి, దాని మీద గుండ్లను మెల్లగా దొర్లించండి. వేలికి నూనె అంటిందంటే ఎక్కువైనట్టే. తర్వాత మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పైన స్పాంజి పెట్టి, కదలకుండా దాచండి. లాగు జేబులో పోసుకుని తిరగడం బుడగల దుకాణానికే చెల్లు.

వంటింటి గడప దాటొద్దు

ఇప్పుడు చాయ్ జాలి సంగతి. ఈ కాలమ్‌లో మిగతాదంతా మరిచినా ఇది మరవకండి.

సీసం ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దే దీనికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకే మోతాదు కడుపులోకి వెళ్తే పెద్దవాళ్ల కన్నా చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. పెట్రోలులో కలిపే సీసాన్ని 2000లో మన దేశం మానేసింది ఈ భయంతోనే. అలాంటిది, మనమే దాన్ని టీ జాలిలో వడపోస్తే?

గుండును ముట్టుకున్నంత మాత్రాన ప్రమాదం కాదు. వేళ్లకు అంటిన ఆ నల్లపొడి, తెల్లపొడి నోట్లోకి పోవడమే ప్రమాదం. కాబట్టి కడిగే డబ్బా, జాలి, బట్ట అన్నీ విడిగా ఉండాలి. వాటి మీద గుర్తు పెట్టి వంటింటి బయట దాచాలి. వంట సింకులో వద్దు. కడిగిన నీళ్లను పాత బట్టలో వడగట్టి, అడుగున మిగిలిన పొడిని బట్టతో సహా మూటగట్టి పారేయాలి. ఆ నీళ్లు కూరగాయల మడిలోనో, కోళ్లు తిరిగే చోటో పోయకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి. చిన్నపిల్లలున్న ఇంట్లో డబ్బాకు తాళం. కాల్చేసిన సీసాన్ని కరిగించి ఏదో చేద్దామన్న ఆలోచన అసలే వద్దు. నోట్లో గుండ్లు పెట్టుకునే జాతర పద్ధతి గురించి ఇక వేరే చెప్పాలా?

ఇది బొమ్మ కాదు

4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేదు కదా అని బొమ్మ అనుకోవద్దు. కంటికి తగిలితే కన్ను పోతుంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దు. టార్గెట్ వెనక గట్టి గోడ, గుండు ఎగిరి రాకుండా పాతబట్టలు కుక్కిన పెట్టె, కళ్లకు అద్దాలు, అటువైపు తలుపుకు గొళ్లెం. ఇవి ఉంటేనే ప్రాక్టీసు.

ఇంకో మాట. ఎల్లమ్మ చెరువు గట్టున కొంగలు కనబడగానే కొందరు పిల్లలకు చేయి దురద పెడుతుంది. పిట్టల మీద గుండు వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కోతుల బాధ మన ఊళ్లలో ఎంతుందో నాకూ తెలుసు, మా అక్క ఇంటి పెంకులే సాక్ష్యం. అయినా గుండు దిగిన కోతి చావదు, పుండుతో నెలల తరబడి నరకం చూస్తుంది. కాగితం మీది చుక్కను కొట్టినవాడిదే గురి.

నేను బయల్దేరేరోజు పొద్దున పిల్ల వాకిట్లో కూర్చుని గుండ్లు ఏరుతోంది. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా. పక్కన పాత చాయ్ జాలి ఉంది. దాని కాడకు ఎర్రదారం కట్టి ‘గుండ్లకు మాత్రమే’ అని చీటీ అంటించింది. పోటీలో ఏమొస్తుందో నాకు తెలియదు. చెడ్డ దెబ్బ పడితే మాత్రం ఇక చేతిని తిట్టుకోవడానికి ముందు మర చూస్తుంది, గుండు చూస్తుంది. రెండూ బాగుంటే అప్పుడు చెయ్యి. ఏ తప్పు ఎక్కడుందో తెలిసిన పిల్లకు సగం భయం పోయినట్టే.

అక్క గుమ్మంలో నిలబడి చాయ్ గ్లాసు అందించింది. కొత్త జాలిలో వడపోసిన చాయ్. ‘‘బాగున్నదా తమ్మీ? జాలికి అరవై రూపాయలైనయి. తీర్పు చెప్పినోడే కట్టాలె’’ అంది.

కట్టాను. ఆ చాయ్‌కి అది చవకే!